పెదవి మీది పొక్కు, గంటన్నర రాహుకాలం

పెదవి మీద లేచే ఒక పొక్కు గురించి ఇన్ని పుటలు రాయడం నాకు ఇష్టమైన పని కాదు. అయినా రాయవలసి వచ్చింది. ఈ జబ్బుతో పన్నెండేళ్ళు వేగిన తరువాత, దాని విషయంలో నేను చేసిన ఒక తప్పు ఒక పసిబిడ్డ ప్రాణం మీదికి తేబోయింది. అటువంటి తప్పు మరొకరు చేయకూడదన్నది మొదటి కారణం. రెండవది మా బావమరిది. బంధువుల ఇంట ఏ శుభకార్యం జరిగినా అతడు ఈ సంగతిని వినోదంగా చెబుతూ, చెప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి కలుపుతున్నాడు. మొన్న హొసకోటెలో గృహప్రవేశం నాడు అతడు చెప్పిన కథలో, నేను రాహుకాలం గడిచేదాకా కళ్ళు మూసుకుని జపం చేశానట. నేను జపం చేయలేదు. కుర్చీలో కూర్చుని గడియారం చూశాను. జరిగింది జరిగినట్లు ఒకచోట ఉండాలి.

బెంగళూరు తూర్పు వైపున ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో, తనిఖీ విభాగంలో ముప్ఫై రెండేళ్ళు పనిచేశాను. యంత్రభాగాలను కొలవడం, కొలత తప్పిన వాటి మీద ఎర్రగీత పెట్టి తిప్పి పంపడం నా ఉద్యోగం. ఎవరి ముఖం చూసీ ఒక్క భాగాన్ని వదలలేదు. ఇది గొప్ప కోసం చెప్పుకోవడం కాదు. తరువాత నేను చేసిన పని ఎంత సిగ్గుచేటో తెలియాలంటే ఇది తెలిసి ఉండాలి.

1993, వేసవి

మొదటిసారి అది వచ్చినప్పుడు నాకు వైరల్ జ్వరం తగ్గి రెండు రోజులైంది. పై పెదవి కుడి కొసన, మీసం అంచు కింద, చీమ పాకినట్లు చిమచిమలాడింది. తడిమి చూస్తే ఏమీ లేదు. మర్నాటికి ఎర్రబడి ఉబ్బింది. ఆ మర్నాడు చిన్న చిన్న నీటిపొక్కులు గుత్తిగా లేచి, పగిలి, రసి కారి, పక్కు కట్టాయి. కాఫీ తాగితే మంట. మాట్లాడితే పక్కు చిట్లి రక్తం. పది రోజులు నన్ను మనిషిగా ఉండనివ్వలేదు.

మా ఆవిడ చూసి, “సాలీడు పాకినట్టుండాది” అని పసుపు నూరి పూసింది. పసుపు మీసంతో ఉద్యోగానికి పోలేక, కర్మాగారం ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి డాక్టరు నా ముఖం వైపు ఒక్క క్షణం చూసి చీటీ రాశాడు. మందులిచ్చే కిటికీ దగ్గర వరుసలో ముప్ఫై మంది ఉన్నారు. కాంపౌండరు చీటీని వెలుతురుకు పట్టుకుని, గొంతెత్తి, “హెర్పిస్ ఎవురప్పా? హెర్పిస్ పూతమందు ఎవురిది?” అని పిలిచాడు.

నేను చేయెత్తవలసి వచ్చింది. వెనక నుంచి ఒక లేత్ పనివాడు, అంతకు ముందు వారమే నేను అతని సామాను తిప్పి పంపి ఉన్నాను, అందరికీ వినబడేలా అన్నాడు: “మా సామాను మీద ఎర్రగీత పెడతాంటివే సారూ, ఇప్పుడు నీ మూతి మీద ఎవురు పెట్టిరి?”

వరుస వరుసంతా నవ్వింది. ఆ నవ్వు నాకు ఈనాటికీ వినబడుతూనే ఉంటుంది.

ఆ మాట ఇంటికి రాకుండా ఆపగలిగాను గానీ, చీటీని ఆపలేకపోయాను. మా ఆవిడ దాన్ని చదివింది. అంతకు ముందు ఏదో వారపత్రికలో ‘డాక్టరును అడగండి’ శీర్షిక కింద ఆ పేరు చూసి ఉందట. అక్కడ అది రాసింది మూతి జబ్బుగా కాదు, సుఖవ్యాధిగా. నాలుగు రోజులు అన్నం వడ్డించింది, కావలసినవి అందించింది, ఒక్క మాట మాట్లాడలేదు. “ఏమయింది?” అని గద్దించాను. “నేనేమీ అడగలేదు కదా” అన్నది. ఇరవై ఏళ్ళ కాపురంలో అంతకన్నా పెద్ద ప్రశ్న ఆమె నన్ను అడగలేదు.

ఐదో రోజు ఆమెను వెంటబెట్టుకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్ళి, “మీరు రాసిన మాటకు అర్థం మీరే ఈమెకు చెప్పండి” అన్నాను. ఆయన చెప్పాడు. మూతి మీద వచ్చేది చాలామందికి చిన్ననాడే, ఇంట్లోవాళ్ళు ముద్దు పెట్టుకోవడం వల్లనే అంటుకుంటుందనీ, వైరస్ నరం మొదట్లో దాక్కుని ఉండి, జ్వరానికో ఎండకో ఆందోళనకో పైకి వస్తుందనీ, చచ్చేదాకా పోదనీ. బయటికి రాగానే మా ఆవిడ అన్నది: “అయితే ఇవి మీ అమ్మ ముద్దులు. ఆయమ్మను అడగండి పోయి. నన్ను ఉరిమి చూస్తే ఏమొస్తాది?”

నేను నవ్వలేదు. ఆమె నవ్వింది.

1998

ఆ ఐదేళ్ళలో అది ఏటా మూడు నాలుగుసార్లు వచ్చేది. దానికి మర్యాద లేదు. పెళ్ళికి ముందు రోజు వస్తుంది. పై అధికారి తనిఖీకి వచ్చే రోజు వస్తుంది. ఎండలో నిలబడితే వస్తుంది, ఎవరి మీదనైనా కోపం వస్తే వస్తుంది, అది వచ్చిందన్న కోపానికి ఇంకాస్త పెద్దదవుతుంది. నలుగురిలోకి పోతే ప్రతివాడూ ముఖం చూడడు, మూతి చూస్తాడు. మా బావమరిదికి మరీ సరదా. “ఏం బావా, ఎవురో కొరికినట్టుండారే!” అని మా అత్తగారి ముందే అంటాడు.

పూతమందులు ఎన్ని గొట్టాలు పిండానో చెప్పలేను. తెల్లగా పూసుకుని పడుకోవడం, లేచేసరికి అది దిండు గలీబుకు అంటడం, పొక్కు మాత్రం తన పని తాను చేసుకుపోవడం. మాత్రలు కొంత పనిచేశాయి. అయితే ఆ ఏడే నా మూత్రపిండాలు అంత చురుకుగా లేవని రక్తపరీక్షలో తేలింది. ఆ మాత్రలు మీకు మంచివి కావు, వీలైనంత మానండి అన్నారు. లోపలికి పోయే మందు పోకూడదు, పైన పూసే మందు లోపలికి పోదు. ఈ రెంటి మధ్య నేను.

2003

పదవీ విరమణ చేసి, కర్మాగారానికి దగ్గరలో మహదేవపురలోనే స్థిరపడ్డాను. మా అమ్మాయి పద్మ, అల్లుడు రఘు అప్పటికి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో అపార్ట్‌మెంటులో ఉంటున్నారు. వాళ్ళింటికి రెండు వీధుల అవతల ఒక చర్మవైద్యురాలు ఉన్నదని, కొత్త పద్ధతులు తెలిసిన మనిషని పద్మే తీసుకుపోయింది.

చర్మవైద్యుల దగ్గర వేచి ఉండే గది వంటి చోటు మరొకటి లేదు. మిగతా ఆసుపత్రుల్లో రోగం లోపల ఉంటుంది. ఇక్కడ అందరి రోగమూ అందరికీ కనిపిస్తుంది. ఎదుటివాడి మెడ చూసి వీడిదేమిటని మనం, మన మూతి చూసి వీడిదేమిటని వాడు. గోడకు టీవీ, అందులో గొంతు చించుకునే పాటలు. తగ్గించమని నేను చెప్పినప్పుడు మొటిమల యువకులు నన్ను కాలం చెల్లిన వస్తువును చూసినట్లు చూశారు. జేబురుమాలు మూతికి అడ్డం పెట్టుకున్న ఒక ముసలమ్మ మాత్రం, నా రుమాలు చూసి, కాస్త జరిగి పక్కన చోటిచ్చింది. ఆ గదిలో నాకు దొరికిన గౌరవం అదొక్కటే.

వైద్యురాలు కన్నడిగురాలు, నలభై ఏళ్ళుంటాయి, తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది. “నోడి సార్, ఇట్ల చూడండి, చర్మం ఉండాదే, అది గోడ” అన్నది. “మీరు పూసిన మందంతా గోడ బయట నిలబడి తలుపు తట్టుతా ఉంది. వైరస్ గోడకు లోపల కూర్చుని ఉండాది. దానికి వినపడదు.”

ఆమె దగ్గర చేతిలో పట్టేంత ఒక పెట్టె ఉండేది. బ్యాటరీతో నడుస్తుంది. రెండు తీగలు. ఒక తీగ కొసన మందులో తడిపిన దూది మెత్త, అది పెదవి మీద. రెండోది ముంజేతి మీద. సన్నని కరెంటు మందును గోడలోంచి లోపలికి తోస్తుందని ఆమె చెప్పింది. “ఇది అందరూ చేసేది కాదు. నా దగ్గర చేయించుకున్నవాళ్ళు పదిమంది కూడా లేరు. ఖాయమని చెప్పను. చిమచిమ మొదలైన రెండు మూడు గంటల లోపల వస్తేనే ఏదైనా లాభం. పొక్కు లేచినాక వచ్చి నన్ను తిట్టద్దు.”

నేను పెట్టెను తిప్పి తిప్పి చూశాను. “ఈ ముల్లు సున్నా దగ్గర నిలబడడం లేదు. దీన్ని ఎవరు సరిచూశారు?” అని అడిగాను. పద్మ నా చేయి గిల్లింది. వైద్యురాలు మాత్రం పెట్టెను తీసుకుని చూసి, “నిజమే” అన్నది. తరువాతి సారి వెళ్ళేసరికి ముల్లు సున్నా మీద ఉన్నది. ఆ రోజు నుంచి ఆమె అంటే నాకు గౌరవం.

పావుగంట కూర్చోవాలి. పెదవి మీద సూదిమొనలు వరుసగా నడిచినట్లుంటుంది, నోట్లో ఇనుము నాకిన రుచి. మొదటిసారి నేను గంటలోపే వెళ్ళగలిగాను. పొక్కు లేవలేదు. పదేళ్ళలో మొదటిసారి అది నా దగ్గరికి వచ్చి, వెనక్కి పోయింది. రెండోసారి లేచింది గానీ మూడు రోజుల్లో మాడింది. ఆమె గీతలు గీసిన ఒక నోటుపుస్తకంలో అందరివీ రాసుకునేది: చిమచిమ ఎప్పుడు, కరెంటు ఎప్పుడు, ఏమయింది. నా వరుసలో నేను చెప్పిన సమయాలే రాసేది. గడియారం చూసి చెప్పే రోగి మీరొక్కరే సార్ అనేది. నాకు అది బిరుదు కన్నా ఎక్కువ.

2005

పెళ్ళైన తొమ్మిదేళ్ళకు పద్మకు ఆడపిల్ల పుట్టింది. నెల ముందే పుట్టింది. అరచేయంత ముఖం. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు పిల్లల డాక్టరు ఇంట్లో అందరినీ నిలబెట్టి అడిగాడు, ఎవరికైనా మూతి పొక్కులు వస్తాయా అని. అందరూ నా వైపు చూశారు. “పెద్దవాళ్ళకు అది పొక్కు. ఇంత చిన్న బిడ్డకు అంటుకుంటే ప్రాణానికే రావచ్చు. ఉన్నప్పుడు గుమ్మం కూడా దాటవద్దు” అన్నాడు.

ఇరవై ఒకటో రోజు ఆదివారం నామకరణం పెట్టుకున్నాం. మా ఇంటి ఆచారం ప్రకారం, తండ్రి బియ్యంలో పేరు రాస్తాడు, ఇంటి పెద్ద బిడ్డ కుడి చెవిలో మూడుసార్లు పేరు చెబుతాడు. పద్మకు మా నాయన చెప్పాడు. ఈ బిడ్డకు నేను చెప్పాలి. తొమ్మిదేళ్ళు నేను ఎదురుచూసింది ఆ మూడు మాటల కోసం. ఆ వారమంతా ఎండలోకి పోలేదు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు చారన్నం తింటుండగా పెదవి చిమచిమలాడింది.

“వచ్చింది” అన్నాను.

మా ఆవిడ చేతిలో గరిటె అక్కడే పెట్టి లేచింది. “చెయ్యి కడుక్కోండి. నేను పోయి ఆటో పిలుస్తా.”

చెయ్యి కడుక్కుని గోడ మీది క్యాలెండరు చూశాను. గురువారం, రాహుకాలం ఒకటిన్నర నుంచి మూడు. చొక్కా తొడుక్కుని, చీటీలు వెతుక్కుని గడప దాటేసరికి ఒకటిన్నర అవుతుంది. ఎన్నడూ ఏ మంచి పనికీ ఆ వేళ నేను కాలు బయట పెట్టలేదు. మనవరాలి పేరు కోసం పోతున్న పనికి ఎలా పెడతాను? “మూడింటికి పోతాను” అన్నాను.

“డాక్టరమ్మ గంటలు లెక్క పెడతాది అంటిరే?”

“మూడింటికి బయలుదేరితే నాలుగింటికి అక్కడుంటాను. మూడు గంటల లోపే.”

“మీ ఇష్టమప్పా” అని ఆమె లోపలికి పోయింది.

మూడైన తరువాత చెప్పులు వేసుకున్నాను. మారతహళ్ళి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీ అడ్డం పడి ఉన్నది. వైద్యురాలి ముందు కూర్చునేసరికి ఐదు దాటింది. ఆమె నోటుపుస్తకం తెరిచి, కలం పట్టుకుని, “ఎప్పుడు మొదలయింది సార్?” అన్నది.

ఒంటిగంటకు అని చెబితే ఇంతసేపు ఎందుకు ఆగారు అంటుంది. చదువుకున్న మనిషి ముందు రాహుకాలమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నాలుగు గంటలు దాటింది, ఇక లాభం లేదు, ఆదివారం పోవద్దు అంటుందేమోనన్న భయం దానికి తోడు. “మూడింటికి” అన్నాను.

ఆమె రాసుకుంది. నేను ఇంటి నుంచి కాలు బయట పెట్టిన సమయాన్ని జబ్బు మొదలైన సమయంగా రాయించాను.

“రెండు గంటలే కదా, ఆశ ఉండాది” అని కరెంటు పెట్టింది. “శనివారం సాయంత్రం వచ్చి చూపించండి. నేను చూసినాకే బిడ్డ దగ్గరికి పోవాల.”

శుక్రవారం కాస్త ఎర్రగా ఉన్నది. శనివారం నేను చూపించడానికి పోలేదు. భూతద్దం పెట్టి అద్దంలో నేనే చూసుకున్నాను. మీసం కింద ఆవగింజంత గట్టిగా ఏదో ఉన్నది. ఎండిన పక్కు అనుకున్నాను. అనుకోవడం కాదు, అనుకోవాలని నిర్ణయించుకున్నాను.

ఆదివారం అపార్ట్‌మెంటు హాలునిండా జనం. రఘు పళ్ళెంలో పరిచిన బియ్యం మీద ఉంగరంతో పేరు రాశాడు. పురోహితుడు నా వైపు తిరిగి, “పెద్దాయన రావాలి. కుడి చెవిలో, మూడుసార్లు” అన్నాడు. పద్మ బిడ్డను ఒళ్ళో ఒరిగించి పట్టుకుంది. నేను వంగాను. బిడ్డ చెవి దగ్గరి నూగు వెంట్రుకలు నా ఊపిరికి కదిలాయి.

“ఆగండి” అన్నది మా ఆవిడ.

“ఏమమ్మా?” అన్నాడు పురోహితుడు.

“శనివారం డాక్టరమ్మకు చూపించిరా?” ఆమె నన్నే అడుగుతున్నది.

“అవసరం లేకపోయింది. రెండు గంటల్లోపే మందు పడింది.”

“రెండు గంటలా?”

పద్మ తలెత్తింది. “నాయనా, ఎప్పుడు మొదలయింది?”

“మూడింటికి” అన్నాను. కన్నకూతురితో, బిడ్డ ముఖం మీదికి వంగి ఉండి.

“మూడింటికి మీరు చెప్పులేసుకునిరి” అన్నది మా ఆవిడ. “ఒంటిగంటకు చారన్నం తింటా వచ్చిందంటిరి. ఆటో పిలుస్తానంటే క్యాలెండరు చూసి కూర్చునిరి. నాలుగు గంటలైంది మందు పడేతలికి. నేను బతికుండగా అబద్ధం బిడ్డ చెవిలో పడేది లేదు. మీసం ఎత్తండి.”

మా బావమరిది ఇప్పుడు ఎన్ని చెప్పినా, ఆ క్షణంలో నేల చూశాడు. నేను వేలితో మీసం ఎత్తాను. పద్మ చూసింది. బిడ్డను గుండెకు అదుముకుని లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

నేను వెనక్కి జరిగి, బాల్కనీలోకి పోయి అద్దం తలుపు మూసుకున్నాను. కాసేపటికి వాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. పేరు మా ఆవిడ చెప్పింది. నాకు వినబడలేదు, పెదవులు కదలడం మూడుసార్లు కనిపించింది. ఆ రోజు ఆమెను నేను ద్వేషించాను. శత్రువుకు కూడా అలా నలుగురిలో చేయరని అనుకున్నాను.

సోమవారం తెల్లారేసరికి మీసం కింద నాలుగు పొక్కులు. మధ్యాహ్నానికి పగిలాయి. నామకరణం కాగానే తల్లీబిడ్డలను మా ఇంటికి తీసుకురావాలని అనుకున్నాం; అదే సమయానికి బిడ్డ నా ఇంట్లో, నా ఒళ్ళో ఉండవలసింది.

ఆ తరువాతి మూడు వారాలు

వంగినప్పుడు నా మీసం బిడ్డకు తగిలిందా లేదా? పద్మ తగిలిందంటుంది. మా ఆవిడ తగలలేదంటుంది. నాకు తెలియదు. రోజూ ఉదయం ఫోను చేసి అవే మూడు ప్రశ్నలు అడిగేవాణ్ణి: పాలు తాగిందా, ఒళ్ళు వెచ్చగా ఉందా, ఎక్కడైనా పొక్కు కనిపించిందా. పద్మ హాజరు పలికినట్లు ఒక్కొక్కదానికీ జవాబు చెప్పి, నాయనా అనకుండానే ఫోను పెట్టేసేది. ఫోను పెట్టిన తరువాత మా ఆవిడ నా ముందు కాఫీ పెట్టి, ఏమీ అడగకుండా నిలబడేది. “తాగిందట” అనేవాణ్ణి. అప్పుడు వెళ్ళిపోయేది. మేమిద్దరం ఆ మూడు వారాలు మాట్లాడుకున్నది అంతే.

బిడ్డకు ఏమీ కాలేదు. అది నా జాగ్రత్త వల్ల కాదు.

పక్కు రాలిపోయిన మరునాడు వైద్యురాలి దగ్గరికి వెళ్ళి, నిలబడే చెప్పాను: ఒంటిగంట, మూడు, రాహుకాలం. ఆమె నోటుపుస్తకం తీసింది. పొక్కు లేచిందని మాత్రం ఆ సోమవారమే ఫోనులో చెప్పి ఉన్నాను; నా వరుస చివర ‘రెండు గంటల్లో పెట్టినా పొక్కు లేచింది’ అని ఉన్నది.

“ఈ గీత చూసి నేను ఈ పెట్టె మూల పడేద్దామని అనుకుంటా ఉంటిని సార్” అన్నది. “టైముకు వచ్చిన మనిషికే పని చేయకపోతే ఇంకెవురికి చేస్తాది అని. నిన్న ఒకామె వస్తే లాభం లేదు పొమ్మన్నాను.”

నేను తల దించుకున్నాను.

“రాహుకాలం అని చెప్పుంటే నేనేమి మింగేస్తానా? మా అమ్మ కూడా చూస్తారు. ఒకటి అని రాసుకునేదాన్ని. అంతే కదా సార్?”

ఎర్ర కలం తీసి నా వరుసను అడ్డంగా కొట్టేసింది. ఒక్క ఆ పూటది కాదు, అంతకు ముందువి కూడా. “ఇంక మీ టైములు ఏవి నిజమో నాకు తెలీదు” అన్నది. మిగిలినవన్నీ నిజమే. అయినా నేను వాదించలేదు. ఆమె స్థానంలో నేనున్నా అదే చేస్తాను. నిన్న పంపేసినామెను మళ్ళీ పిలిపించమని మాత్రం అడిగాను. పిలిపించింది.

ఇప్పుడు బిడ్డకు మూడేళ్ళు. నాకు ఏడాదికొకసారి అది వస్తుంది. వచ్చినప్పుడు క్యాలెండరు చూడను, గడియారం చూస్తాను. ఈ జబ్బున్నవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. సిగ్గుపడి దాచకండి, చాలామందికి ఉన్నదే ఇది. మందు మాటకు మీ వైద్యులను అడగండి, నన్ను కాదు. చిమచిమ మొదలైన సమయం ఉన్నదున్నట్లు చెప్పండి, కారణం ఎంత తెలివితక్కువదైనా సరే. పసిబిడ్డలకు దూరంగా ఉండండి, మీకు ఎంత హక్కు ఉన్నా సరే.

దీన్ని రాసి మొదట మా ఆవిడకు చదివి వినిపించాను. ఒంటిగంటకు కాదు, ఒంటిగంటకు పది నిమిషాల ముందే అన్నదామె; రేడియోలో వార్తలు ఇంకా అయిపోలేదట. ఆమె మాటే సరి అయి ఉంటుంది. ఆ రోజు హాలులో ఉన్నవారు, ఈ జబ్బు తెలిసిన వైద్యులు, ఈ పుటలు చదివిన మరెవరైనా, ఇందులో సమయం గానీ మాట గానీ వైద్యం గానీ తప్పుగా ఉంటే నాకు చెప్పండి. వయసు చూసి, మర్యాద చూసి ఆగవద్దు. నలుగురిలో చెప్పినా సరే. నేను వెనక్కి జరుగుతాను.